కడపటి బల్లవారు

పాఠశాలకు క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయునకు మొదట నప్పగింపబడునది తరచుగా వెనుకబడిన విద్యార్థుల తరగతియే. ఒక సంవత్సరము క్రిందట మేమీ పాఠశాలలో ప్రవేశించినప్పుడు, ఎనిమిదవ తరగతిలో చదువున వెనుకబడినవారికి సాయంకాలము ఒక గంటసేపు గణితమును తెలుగును చెప్పు పని మాకొసగబడెను. ఇరువదిముగ్గురు బాలబాలికల పేళ్లుగల పట్టిక యొకటి మా చేతికిచ్చి, "వీరు మందమతులు, ఎట్లో గట్టెక్కిన చాలును" అని చెప్పిరి. ఆ పట్టికను గూర్చియు, ఆ మాటను గూర్చియు మా యభిప్రాయమును పాఠకులకు విన్నవింపగోరుచున్నాము.

"మందమతి" యను మాట సులభమైనది. అది చెప్పువారి శ్రమను తగ్గించును. ఏలయన, బుద్ధియే లేదని తేల్చినపిమ్మట వెదకవలసిన కారణమేదియు మిగులదు. కాని యొక్కొక్కరిని దగ్గర కూర్చుండబెట్టుకొని చూడగా, ఆ యిరువదిముగ్గురును ఒకే కారణముచే వెనుకబడినవారు కారని మాకు తెలియవచ్చెను.

ఒక బాలుడు వడ్డీ లెక్కలలో ఎన్నడును సరియైన జవాబు వ్రాసి యెరుగడు. "10,000 రూపాయల అసలుపై సాలుకు నూటికి 24 వంతున ఒక సంవత్సరమునకగు వడ్డీ యెంత?" అని పుస్తకపు భాషలో నడిగినప్పుడు తల వంచుకొనెను. "మీ నాయన పదివేలు తెచ్చినాడు, వడ్డీ నూటికి రెండు రూపాయలు. ఏడాదికి వడ్డీ యెంత కట్టవలెను?" అని యడుగగా, కాగితముతో పనిలేకయే "రెండువేల నాలుగువందలండీ" అనెను. ఊరిలో నెలకు నూటికి రెండు రూపాయలనునదియే పుస్తకములో సాలుకు నూటికి ఇరువదినాలుగని వానికెవ్వరును చెప్పియుండలేదు. వానికి లోపించినది లెక్క కాదు, లెక్కను చెప్పు భాష.

ఒక బాలిక ప్రక్కవారి పుస్తకము చూచియే వ్రాయుచుండెను. ఆమెకు చూచివ్రాత యలవాటని అందరును ననుకొనిరి. కన్నులు పరీక్ష చేయించి కళ్లజోడు పెట్టించినపిమ్మట ఆమె నల్లబల్లను చూచి తానే వ్రాసికొనుచున్నది. తండానుండి వచ్చు పిల్లలు ఇంట లంబాడీ మాటలాడుదురు. తెలుగు వారు బడిలో నేర్చుకొన్న భాష. మరికొందరు మిరపకాయల కోతల దినములలో తల్లిదండ్రులతో కూడ పొలములకుపోయి, వారముల తరబడి బడికి రానివారు. భిన్నములు చెప్పిన దినములలో వారు లేరు. ఆపై వచ్చిన బీజగణితము వారికి పునాదిలేని గోడ యయ్యెను.

విద్యార్థి యున్నచోటికి ఉపాధ్యాయుడు పోవలెననుట క్రొత్త సంగతి కాదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) నేడు ఒడిశాలోనున్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన కాలమున, సవరల పిల్లలకు చదువు చెప్పదలచి మొదట తామే సవరభాషను నేర్చిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సొంతసొమ్ముతో బడులు పెట్టిరి. వారు రచించిన సవరభాషా వ్యాకరణము 1931లో మదరాసున అచ్చుపడినది. పిల్లలకు తమ మాట తెలియలేదని వారిని నిందింపక, పిల్లల మాటను తాము తెలిసికొనిరి.

నేడు చట్టము సయితము ఈ మాటనే చెప్పుచున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి యమలులోనున్న 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టములోని 24వ సెక్షను, ప్రతి విద్యార్థి నేర్వగల శక్తిని కనిపెట్టి, అవసరమైనచో అదనముగా బోధించుట ఉపాధ్యాయుని విధియని నిర్ణయించినది. 17వ సెక్షను దెబ్బలను మాత్రమేగాక మానసిక వేధనను గూడ నిషేధించినది. తోటివారి యెదుట నొక బాలుని మందమతి యనుట యేమియగునో పాఠకులే యోచింతురుగాక.

"తరగతికి నలువదిమంది యుందురు, పాఠ్యగ్రంథము గడువులోపల ముగియవలెను, ఒక్కొక్కరిని విచారించుటకు తీరికయెక్కడిది?" అని కొందరు పెద్దలు అడిగిరి. ఆ యిబ్బంది నిజమైనదే. కాబట్టియే మేము కోరునవి మూడు చిన్న పనులు. మొదటిది, పట్టికలో ప్రతి పేరునకెదురుగా వెనుకబాటునకు కారణమును వ్రాయవలెను. కారణము తెలియనిచో పేరును వ్రాయకుందురుగాక. రెండవది, ఈ తరగతిని క్రొత్తవారికే విడువక, అనుభవజ్ఞులైన యుపాధ్యాయులు వారమునకొకనాడైనను రావలెను. క్రొత్తవారికి ఉత్సాహముండును. కాని యీ పిల్లల యన్నలకును అక్కలకును చదువు చెప్పి, వారి యింటి సంగతులెరిగినవారు పాతవారే. మూడవది, పట్టికలోనికి వచ్చుటకు దారి యున్నట్లే, దానినుండి వెడలుటకును దారి యుండవలెను. మూడు నెలలకొకమారు చూచి, కోలుకొన్నవారి పేరు తీసివేయవలెను.

ఇట్లు చేసిన అందరును బాగుపడుదురని మేము చెప్పజాలము. మా పట్టికలోని యొక బాలుడు సంక్రాంతి సెలవులకు పోయి మరల రాలేదు. రెండుమారులు వాని యింటికి పోయితిమి. తల్లి మమ్ము గౌరవముగా కూర్చుండబెట్టి, "బడిలో వాడికి చదువు రాదని అందరూ అంటారు కదండీ, పనికిపోతే నాలుగు రూపాయలైనా వస్తాయి" అనెను. బడిలో పుట్టిన మాట ఇల్లు చేరి, అచటనుండి బాలుని పొలమునకు పంపినది. అట్టి మాటను బడిలోనే యాపవలెనని మా మనవి.

విద్యార్థులారా! మీలో తెలిసినవారు ప్రక్కవాడు తడబడినప్పుడు నవ్వకుడు. తెలియనివారు తెలియదని చెప్పుటకు సిగ్గుపడకుడు. ఎచట తెలియలేదో మీరు చెప్పినచో, అచటినుండియే పాఠమారంభించుట మా పని.