లెక్క అడిగిన స్త్రీలు

బాంబు పేలిన ప్రతిసారీ మన పార్టీల మధ్య ఒకే వాదన మొదలవుతుంది. 1999 డిసెంబరులో ముగ్గురు తీవ్రవాదులను కాందహార్ దాకా తీసుకెళ్ళి అప్పగించింది మీరు కాదా అని కాంగ్రెస్ అడుగుతుంది. 2008 నవంబరులో ముంబయిలో 166 మంది చనిపోయినప్పుడు గద్దె మీద ఉన్నది మీరు కాదా అని భారతీయ జనతా పార్టీ అడుగుతుంది. రెండూ జరిగినవే. కానీ ఈ వాదనలో చనిపోయినవాళ్ళు ఎదుటి పార్టీ మీదకు విసిరే అంకెలుగా మిగులుతారు. ఇది ఎలా జరిగింది, ముందే ఆపగలిగిన వాళ్ళు ఎందుకు ఆపలేదు అని వాళ్ళ ఇళ్ళలోని స్త్రీలు అడిగే ప్రశ్న ఎవరికీ పట్టదు.

ఆ ప్రశ్నను పట్టుకుని వదలని నలుగురు స్త్రీల అనుభవాన్ని మనం తెలుసుకోవాలి. వాళ్ళు అమెరికాలోని న్యూజెర్సీకి చెందినవాళ్ళు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ ప్రపంచ వాణిజ్య కేంద్రంలో వాళ్ళ భర్తలు చనిపోయారు. ఆ రోజు దాడుల్లో మరణించినవాళ్ళు దాదాపు 3,000 మంది. అక్కడా పార్టీలు వెంటనే తమ వాదన మొదలుపెట్టాయి. ఎనిమిదేళ్ళు అధికారంలో ఉండి క్లింటన్ బిన్ లాడెన్‌ను ఎందుకు పట్టుకోలేదని రిపబ్లికన్లు అన్నారు. అమెరికాలోనే దాడి చేయడానికి బిన్ లాడెన్ పట్టుదలతో ఉన్నాడన్న నివేదిక 2001 ఆగస్టు 6న చేతికందినా బుష్ ఏం చేశాడని డెమొక్రాట్లు అన్నారు.

ఈ నలుగురూ అడిగింది వేరు. ఇద్దరి ఫైళ్ళూ తెరవండి అన్నారు. అందుకు స్వతంత్ర విచారణ కమిషన్ కావాలన్నారు. పౌరుల మీద నిఘాను పెంచే పేట్రియట్ చట్టం దాడి జరిగిన 45 రోజులకే వచ్చేసింది. విచారణ కమిషన్ చట్టానికి మాత్రం 442 రోజులు పట్టింది. బుష్ ప్రభుత్వం మొదట దాన్ని వ్యతిరేకించింది. ఆ స్త్రీలు వాషింగ్టన్ చుట్టూ తిరిగారు, కనిపించిన ప్రతి సభ్యుడినీ నిలదీశారు. కమిషన్ అధ్యక్షుడిగా నియమించిన హెన్రీ కిసింజర్‌ను ఆయన కంపెనీ ఖాతాదారులెవరో చెప్పమని అడిగారు. ఆయన పదవి వదులుకున్నాడు. బహిరంగంగా సాక్ష్యం చెప్పడానికి మొదట నిరాకరించిన కొండలీసా రైస్ 2004 ఏప్రిల్‌లో ప్రమాణం చేసి చెప్పవలసి వచ్చింది. ఆగస్టు 6 నాటి నివేదిక ఆ తరువాతే బయటికి వచ్చింది.

ప్రశ్నించే స్త్రీకి ఏ దేశంలోనైనా దక్కేదే వాళ్ళకూ దక్కింది. 2006లో యాన్ కూల్టర్ అనే రచయిత్రి, వీళ్ళు భర్తల చావును ఆనందిస్తున్నారని తన పుస్తకంలో రాసింది. 2004 ఎన్నికల్లో వాళ్ళు డెమొక్రాట్ అభ్యర్థి కెర్రీని సమర్థించారు. దాన్ని చూపించి, అడిగిన ప్రశ్నలన్నీ రాజకీయమేనన్నారు. ఓటు వేసే హక్కు ఉన్నవాళ్ళకు లెక్క అడిగే హక్కు పోతుందా?

2004 జులైలో కమిషన్ తన నివేదిక ఇచ్చింది. 2000 అక్టోబరులో కోల్ యుద్ధనౌక మీద దాడిలో 17 మంది నావికులు చనిపోయాక క్లింటనూ, తరువాత బుష్షూ ఏం చేశారో, ఏం చేయలేదో అందులో ఉంది. విమానాలు దారి మళ్ళించినవాళ్ళలో ఇద్దరు దేశంలోకి వచ్చిన సంగతి తెలిసి కూడా సి.ఐ.ఎ. సకాలంలో ఎఫ్.బి.ఐ.కి చెప్పలేదన్నదీ ఉంది. లోపం రెండు ప్రభుత్వాల కిందా సాగింది. అయితే అందరిదీ తప్పు అనడం ఎవరిదీ తప్పు కాదనడానికి దారి తీస్తుంది. తాము ఇచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు రాలేదని బాధిత కుటుంబాల ప్రతినిధులు చెప్పారు. ఆ అసంతృప్తిలో న్యాయముంది. అయినా వాళ్ళు పట్టుబట్టకపోతే ఆ మాత్రం కూడా బయటికి వచ్చేది కాదు.

మన దగ్గర ఏం జరిగింది? ముంబయి దాడి తరువాత మహారాష్ట్ర ప్రభుత్వం రామ్ ప్రధాన్ నాయకత్వంలో ఇద్దరు సభ్యుల కమిటీ వేసింది. దాని పరిధి రాష్ట్ర పోలీసుల దగ్గరే ఆగిపోయింది. కేంద్ర సంస్థలను ప్రశ్నించే జాతీయ కమిషన్ ఏదీ ఏర్పడలేదు. చట్టం మాత్రం ఆలస్యం కాలేదు. అదే డిసెంబరులో చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టానికి మరింత పదును పెట్టారు. చార్జిషీటు లేకుండా 180 రోజులు నిర్బంధించడానికీ, బెయిలు దొరకకుండా చేయడానికీ వీలు కల్పించారు. అంతవరకూ ఒకరినొకరు నిందించుకున్న పార్టీలు ఈ విషయంలో చేతులు కలిపాయి.

హైదరాబాదు సంగతి మనకు తెలుసు. 2007 మే 18న మక్కా మసీదు పేలుడులో 9 మంది, ఆ తరువాత పోలీసు కాల్పుల్లో 5గురు చనిపోయారు. మూడు నెలల తరువాత లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్ దగ్గర 42 మంది పోయారు. ఆ ఏడాది పోలీసులు పట్టుకెళ్ళిన ముస్లిం యువకులు ఎందరో తరువాత నిర్దోషులుగా బయటికి వచ్చారు. మసీదు కేసులో తరువాత నిందితులైనవాళ్ళనూ 2018 ఏప్రిల్‌లో కోర్టు విడుదల చేసింది. అక్కడ కొడుకును పోగొట్టుకున్న తల్లికి హంతకుడెవరో తెలియలేదు. చేయని నేరానికి కొడుకును జైలుకు పంపిన తల్లికి ఎవరూ సంజాయిషీ చెప్పలేదు. ఈ ఇద్దరు తల్లులనూ పార్టీలు చెరొక శిబిరంలో నిలబెట్టాయి. ఇద్దరూ అడగవలసింది ఒకే ప్రభుత్వాన్ని.

పెద్ద దాడి జరిగిన ప్రతిసారీ ప్రస్తుత, గత ప్రభుత్వాల ఫైళ్ళు తెప్పించుకునే అధికారమున్న స్వతంత్ర విచారణ జరగాలి. బాధిత కుటుంబాలకు అందులో ప్రశ్నించే హక్కు ఉండాలి. నివేదికను ప్రజల భాషల్లో ప్రచురించాలి. అది రాకముందే కొత్త నిర్బంధ చట్టం తేకూడదు. ఏ పార్టీ వేదిక మీదా మన కన్నీళ్ళు ప్రదర్శనకు పెట్టనివ్వం. ఇద్దరు తల్లుల ప్రశ్నలనూ ఒకే కాగితం మీద రాసి తీసుకెళ్ళే పని మహిళా సంఘాలు తప్ప ఇంకెవరూ చేయరు. ఆ పని మనం మొదలుపెట్టాలి.