బుడమేరు నీళ్లు పోయాయి... పిల్లల భయం పోయిందా?

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. తర్వాత ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి రూ.25 వేలు, పై అంతస్తుకు రూ.10 వేలు, ఆటోకు రూ.10 వేలు, బైక్‌కు రూ.3 వేలు. నేను చదివింది బీకాం. లెక్కలో రాసిందే కాదు, రాయనిదీ చూడాలని అక్కడే నేర్చుకున్నా. చుట్టూ నీళ్లతో, కరెంటు లేని చీకట్లో గడిపిన పద్నాలుగేళ్ల పిల్లల మనసుకు ఈ లెక్కలో కాలమ్ లేదు.

కొన్నాళ్లకు అదే పోతుందిలే అంటారు. చాలామందికి పోతుంది, నిజమే. 1972లో అమెరికాలోని బఫెలో క్రీక్‌లో బొగ్గు గని వ్యర్థాల కట్ట తెగి 125 మంది చనిపోయారు. అప్పటి పిల్లల్ని 17 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. ఎక్కువమంది కోలుకున్నారు. కొద్దిమందిని మాత్రం ఆ వరద అప్పటికీ వదల్లేదు.

ఈ వయసు పిల్లలు భయమేస్తోందని నోరు విప్పి చెప్పరు. మబ్బు పడితే నిద్రపోరు. ఊరికే విసుక్కుంటారు. చదువు తగ్గుతుంది, దోస్తులు దూరమవుతారు. మనం పొగరు అంటాం, లేదా నజర్ తగిలిందని దమ్ చేయిస్తాం. దుఆ చేయండి, డాక్టర్‌కూ చూపించండి. జ్వరమొస్తే రెండూ చేస్తాం కదా!

టెలీ మానస్ నంబర్ 14416. ఫోన్ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. అంతకంటే ముందు, ఈసారి గట్టిగా వాన పడిన రాత్రి పక్కన కూర్చుని అడగండి: "బేటా, ఆ రోజు గుర్తొస్తోందా?"