కంప్యూటర్ మెమరీ పెంపు పని ఊళ్లోనే చేసుకోవడంపై తీర్మానం

(అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరి మండలం, బొర్రా గ్రామసభ ఆమోదానికి ప్రతిపాదించిన ముసాయిదా)

విషయం: పంచాయతీ కంప్యూటర్లలో ర్యామ్ పెంచే పనిని తయారీ కంపెనీకి అప్పగించాలా, మనమే చేసుకోవాలా అన్నదానిపై.

పూర్వాపరాలు:

పింఛను, ధ్రువపత్రం, స్కాలర్‌షిప్ దరఖాస్తు, అన్నీ నేడు కంప్యూటర్ మీదే నడుస్తున్నాయి. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో నాలుగు పేజీలు తెరిస్తే మెమరీ చాలక పని హార్డ్‌డిస్క్ మీద పడుతుంది, తెర కదలదు. ఎదురుగా నిలబడ్డవారు ఆ రోజు కూలి వదులుకొని వచ్చినవారు. మిగతా భాగాలు బాగున్న యంత్రాన్ని మూలన పడేయడం దుబారా.

కంపెనీ సర్వీసుకు పంపాలంటే ఘాట్ దిగి విశాఖపట్నం చేరాలి. విడిభాగం ధరకు తోడు సర్వీసు చార్జీ, రానుపోను ఖర్చు కలుస్తాయి. యంత్రం తిరిగొచ్చేదాకా పని ఆగుతుంది. అందులోని జనం వివరాలూ దానితోపాటే ఊరు దాటుతాయి.

పని మాత్రం చిన్నది. కరెంటు తీగ, బ్యాటరీ వేరు చేసి, ఒంటిలోని స్థిర విద్యుత్ పోయేలా లోహపు చట్రాన్ని తాకాలి. ర్యామ్‌ను అంచులతో పట్టుకొని, గాటు సరిచూసి, లాప్‌టాప్‌లో అయితే ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే ఇరువైపులా క్లిప్పులు టక్కుమని పడతాయి. ఏ రకమో చూసి కొనడమే అసలు జాగ్రత్త: డీడీఆర్3 సాధారణంగా 1.5 వోల్టులతో, డీడీఆర్4 1.2 వోల్టులతో పనిచేస్తాయి. గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి గనుక ఒకటి మరొకదాని స్లాటులో పట్టదు.

అన్ని యంత్రాలకూ ఇది కుదరదు. పలుచని లాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తున్నారు. ఆపిల్ 2020 నుంచి సొంత చిప్‌లతో తెస్తున్న మ్యాక్‌బుక్‌లలో మెమరీ ఎంత కావాలో కొనేనాడే తేల్చుకొని, కంపెనీ చెప్పిన ధర కట్టాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో, కొన్న వస్తువును కొన్నవారే బాగు చేసుకునే మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. హక్కు కోసం నిలబడటం మనకు కొత్త కాదు. గిరిజన ప్రాంతంలో గిరిజనేతరులకిచ్చిన గనుల లీజులు చెల్లవని 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు వెనుక మన బొర్రా ప్రాంతపు పోరాటం ఉంది. ఇక్కడి వనరుపై ఇక్కడివారి మాట చెల్లాలన్న ఆ పట్టుదల, మనం డబ్బు పెట్టి కొన్న వస్తువుపైనా ఉండాలి.

కావున కింది విధంగా తీర్మానించడమైనది:

1. పంచాయతీ నిధులతో కొన్న, స్లాటు ఉన్న ప్రతి కంప్యూటర్‌లో ర్యామ్ పెంపు ఊళ్లోనే జరగాలి. ప్రభుత్వం సరఫరా చేసినవాటికి ముందుగా సంబంధిత శాఖ అనుమతి కోరాలి.

2. వారంటీ మిగిలి ఉన్నవాటిని విప్పేముందు షరతులు చదివి, కంపెనీ నుంచి రాతపూర్వక జవాబు తీసుకోవాలి. వారంటీలో ఉచితంగా చేసే పనిని కంపెనీ చేతే చేయించాలి.

3. కొత్తవి కొనేటప్పుడు ర్యామ్ పెంచుకునే స్లాటు ఉండాలని కొటేషన్‌లోనే షరతు పెట్టాలి. కంపెనీ అడిగే పెంపు ధర, విడిగా కొంటే అయ్యే ధర పక్కపక్కనే రాసి సభకు చూపాలి.

4. ఆసక్తి గల గిరిజన యువతీ యువకులకు ఈ పని నేర్పించాలి. చేసిన ప్రతి పనికీ కూలి చెల్లించాలి, ఉచితంగా చేయించరాదు.

5. తీసిన ర్యామ్‌ను రిజిస్టరులో ఎక్కించి భద్రపరచాలి. పాడైనవాటిని 2022 ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్‌కు అప్పగించాలి. గోస్తని నదిలో గానీ బొర్రా గుహల దారిలో గానీ పారేయరాదు.

6. ఈ తీర్మానం ప్రతులను మండల పరిషత్ అభివృద్ధి అధికారికి, పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారికి పంపి, శిక్షణకు సాయం కోరాలి.