కల్లం దాకా రాని పంటల బీమా

పంటల బీమా న్యాయంగా ఉందా లేదా అన్నది ప్రీమియం రేటును బట్టో, ఏటా చెల్లించిన పరిహారాల మొత్తాన్ని బట్టో తేలే విషయం కాదు. రైతుకు నష్టం ఏ దశలో జరుగుతోందో, బీమా ఆ నష్టాన్ని ఏ దశలో కొలుస్తోందో రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అది తేలుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఖరీఫ్ వరి కోతలు సాగే నవంబరు, డిసెంబరు నెలలే బంగాళాఖాతంలో తుపాన్లకూ కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నాటికి ఆ ప్రాంతంలో వరి కొంత కోతకు సిద్ధంగా నిలబడి ఉంది, కొంత పనల మీద ఉంది, కొంత కుప్పలకెక్కింది, కొంత అప్పటికే ధాన్యమై ఆరబోతలో ఉంది. ఒకే వాన ఈ నాలుగింటినీ తడిపింది. రైతు లెక్కలో నాలుగూ ఒకే పంట, ఒకే అప్పు, ఒకే ఏడాది కష్టం. బీమా నిబంధనల లెక్కలో మాత్రం నాలుగింటికీ ఒకే దారి లేదు, వాటిలో ఒకదానికి అసలు దారే లేదు.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే పథకం పునాదిని చూడాలి. 1970ల తొలినాళ్లలో గుజరాత్‌లో హెచ్-4 రకం పత్తికి ఒక్కొక్క రైతు పొలాన్ని విడిగా అంచనా కట్టే పద్ధతిలో బీమా పెట్టి చూశారు. వసూలైన ప్రీమియం కన్నా చెల్లించవలసిన పరిహారం చాలా ఎక్కువై ఆ ప్రయోగం నిలవలేదు. ఆ తర్వాత ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్, కోట్ల కమతాలున్న దేశంలో ప్రతి పొలాన్నీ పరీక్షించడం అయ్యే పని కాదనీ, ఒక ప్రాంతం మొత్తానికి సగటు దిగుబడి కొలిచి, అది తగ్గినప్పుడు ఆ ప్రాంతంలో బీమా చేసిన రైతులందరికీ ఒకే నిష్పత్తిలో చెల్లించాలనీ వాదించారు. 1985 నాటి సమగ్ర పంటల బీమా, 1999లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా, 2016 ఖరీఫ్ నుంచి అమలైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన, మూడూ ఈ ఆలోచన మీదే నిలిచాయి. దండేకర్ వాదనను తేలిగ్గా తీసిపారేయడం తగదు. తన పొలం ఒక్కటే పండకపోయినంత మాత్రాన డబ్బు రాదు కాబట్టి రైతు సాగులో అశ్రద్ధ చూపడనీ, పొలం పొలానికీ వెళ్లే సర్వే ఖర్చూ అందులోని పక్షపాతమూ తగ్గుతాయనీ ఆయన చెప్పింది నిజమే. అనావృష్టి వంటి, ఊరందరినీ ఒకేలా దెబ్బతీసే విపత్తుకు ఆ కొలత సరిపోతుంది కూడా.

కొలత సాగే తీరు ఇది. గడిచిన ఏడేళ్లలో దిగుబడి బాగా వచ్చిన ఐదేళ్ల సగటు తీసి, దాన్ని ఆ పంటకు నిర్ణయించిన 70, 80 లేదా 90 శాతం రక్షణ స్థాయితో హెచ్చిస్తే వచ్చేది హామీ దిగుబడి. ఈ ఏడాది గ్రామ సగటు అంతకన్నా ఎంత తగ్గిందో, హామీ దిగుబడిలో అది ఎన్నో వంతో, బీమా మొత్తంలో అదే వంతు పరిహారంగా వస్తుంది. ఒక ఊళ్లో ఎకరాకు సగటు 30 బస్తాలు, రక్షణ స్థాయి 80 శాతం అనుకుంటే హామీ దిగుబడి 24 బస్తాలు. ఈసారి ఊరి సగటు 20 బస్తాలైతే లోటు ఆరో వంతు, ఎకరా బీమా మొత్తం 42,000 రూపాయలైతే పరిహారం 7,000 రూపాయలు. మెరక మీద పంట దక్కించుకున్న రైతుకూ అంతే, పల్లంలో గింజ దక్కని రైతుకూ అంతే. ఏడేళ్లలో రెండు చెడ్డ సంవత్సరాలను ఈ లెక్క మన్నిస్తుంది. మూడోది వస్తే అది సగటులో చేరి హామీ దిగుబడినే కిందికి లాగుతుంది కాబట్టి, తరచుగా నష్టపోయే ఊరికి రక్షణ తరచుగా తగ్గుతూ పోతుంది.

ఊరి సగటును తేల్చేది పంట కోత ప్రయోగం. ముఖ్యమైన పంటకు గ్రామంలో కనీసం నాలుగు చోట్ల, యాదృచ్ఛికంగా ఎంచిన పొలంలో, వరికైతే ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు గల చతురస్రానికి మూలల్లో మేకులు పాతి, తాడు కట్టి, లోపలి పంటను కోసి, నూర్చి, తూకం వేస్తారు. చీటీ మీద పడిన ఆ కిలోలే ఊరి భవితవ్యం. అయితే ఈ ప్రయోగం నిలబడి ఉన్న పైరు మీద జరుగుతుంది. కోతల మొదట్లో, ఎండ కాస్తున్న రోజున, తూకం నిండుగా వచ్చిన ఊళ్లో పది రోజుల తర్వాత తుపాను వస్తే చీటీ మీద దిగుబడి నిండుగానే ఉంటుంది. కొలిచిన పంట వేరు, ఇంటికి వచ్చిన పంట వేరు అవుతుంది.

ఈ ఖాళీని పూడ్చడానికే పథకంలో కోత అనంతర నష్టం అనే రక్షణ పెట్టారు. కోసి పొలంలోనే ఆరడానికి పరిచిన పనలు, లేదా చిన్న కట్టలుగా ఉంచిన పంట, కోసిన నాటి నుంచి 14 రోజుల లోపు తుపాను వల్లో అకాల వర్షం వల్లో పాడైతే, ఆ పొలాన్ని విడిగా పరిశీలించి పరిహారం ఇస్తారు. కాగితం మీద ఇది మంచి నిబంధనే, కానీ కొడవలి కోతల కాలాన్ని దృష్టిలో పెట్టుకున్న నిబంధన. వరికోత యంత్రం పొలంలో దిగితే పనలు ఉండవు. కోతా నూర్పిడీ ఒకేసారి అయిపోయి, పచ్చి ధాన్యం ట్రాక్టర్ ఎక్కి రోడ్డు మీదికో, కల్లంలోకో, కొనుగోలు కేంద్రానికో చేరుతుంది. తేమ 17 శాతానికి దిగితే తప్ప మద్దతు ధరకు తీసుకోరు కాబట్టి రోజుల తరబడి ఆరబోయక తప్పదు. ఆ రోజుల్లో వాన పడితే తడిసిన రాశి ‘పరిచిన పంట’ నిర్వచనంలోకి రాదు. యంత్రం కోసినందుకు రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తుపాను హెచ్చరిక రాగానే త్వరగా కోసుకొమ్మని చెప్పేదీ, దొరకని కూలీలకు బదులు యంత్రాలకు రాయితీలు ఇచ్చేదీ ప్రభుత్వాలే.

నిలబడి ఉన్న పైరుకైనా చాలా కాలం ఊరట దొరకలేదు. వరి నీటిలో బతికే పంట కాబట్టి ముంపు నష్టాన్ని విడి పొలాల స్థాయిలో లెక్కించనక్కర్లేదని 2018లో మార్గదర్శకాలను సవరించారు. పాలుపోసుకుంటున్న వెన్నూ పండి నేలకొరిగిన వెన్నూ నీటిలో వారం రోజులుంటే ఏమవుతాయో తెలిసినవారు ఒప్పుకోలేని తర్కం ఇది. 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపును తిరిగి చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. ఆలస్యమైనా సరైన దిద్దుబాటు. నష్టం జరిగిన 72 గంటల లోపు తెలియజేయాలన్న షరతు మాత్రం అలాగే ఉంది. కరెంటు స్తంభాలు కూలి, ఫోన్లు మూగబోయి, పొలానికి దారి తెగిన మూడు రోజులూ ఆ 72 గంటల్లోనే పోతాయి.

ఇవన్నీ బరువు తగ్గిన నష్టానికి సంబంధించినవి. తడిసిన గింజ బరువు తగ్గదు, రంగు మారుతుంది, మొలకెత్తుతుంది, మరలో నూకవుతుంది. బస్తాల లెక్కలో దిగుబడి దాదాపు నిలబడి, ధరలోనూ మిల్లు దగ్గర తీసే తరుగులోనూ రైతు కూలిపోతాడు. దిగుబడిని మాత్రమే కొలిచే బీమాకు ఈ నష్టం కనిపించదు.

ఆ రైతు కౌలుదారైతే నష్టం మీద నష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం ఇచ్చే 11 నెలల సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి, ఆ సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు జంకుతారు; పత్రం లేని కౌలుదారుకు బీమా అందడం కష్టం. ఇక తెలంగాణ 2020లో ఫసల్ బీమా నుంచే బయటికి వచ్చింది. పట్టాదారు రైతు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలిచ్చే రైతు బీమా అక్కడ 2018 నుంచి నడుస్తోంది; అది అవసరమైన పథకమే, కాని యాసంగి ధాన్యం కొనుగోలు కేంద్రం ముందు అకాల వర్షానికి తడిసిన రోజున బతికి ఉన్న రైతుకు అది ఏ విధంగానూ అక్కరకు రాదు.

వరికి రైతు వాటాగా ఖరీఫ్‌లో బీమా మొత్తంపై 2 శాతం, రబీలో 1.5 శాతం మాత్రమే తీసుకుంటున్నప్పుడు రక్షణ పరిధిని పెంచితే భారం ఎవరిదన్న ప్రశ్న సహజంగా వస్తుంది. మిగిలిన ప్రీమియం కేంద్రం, రాష్ట్రం సమంగా భరించాలి. రాష్ట్ర వాటా సకాలంలో చేరకపోవడం వల్లే పరిహారాలు నెలల తరబడి ఆగిన సందర్భాలు తక్కువేమీ కాదు కాబట్టి, ఈ భారం చిన్నదని చెప్పడం కుదరదు. అయినా ధాన్యం తూకం అయ్యేదాకా రక్షణ సాగాలన్న కోరిక అసాధ్యమైనదేమీ కాదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో ఏ రైతు ఏ రోజున ఎన్ని బస్తాలు తెచ్చాడో, తేమ ఎంతుందో, తూకం ఎంత వచ్చిందో ఇప్పటికే నమోదవుతోంది. ఆ నమోదును సాక్ష్యంగా అంగీకరించి, కోత అనంతర నష్టం నిర్వచనంలో ‘నూర్చి ఆరబోసిన ధాన్యం’ అన్న మాటలు చేర్చి, రంగు మారిన గింజకు ధరలో కోత పడినంత మేర పరిహారం లెక్కగడితే, తుపాను రోజున కల్లంలో ఉన్న రాశికీ పనల మీద ఉన్న పంటకూ ఒకే రక్షణ దొరుకుతుంది. వరి ముంపు నిబంధనను దిద్దడానికి ఏడేళ్లు పట్టింది. ఈ దిద్దుబాటుకు వచ్చే ఖరీఫ్ ప్రకటనే సమయం.