ఉత్కంఠ చాటున దాగిన దోషము

విల్కీ కాలిన్సు రచించిన 'ది ఉమన్ ఇన్ వైట్' అను ఆంగ్ల నవలను మేము అయిదు రాత్రులలో ముగించితిమి. దీపమార్పుదమని రెండుమార్లు లేచి రెండుమార్లును మరల కూర్చుంటిమి. ఈ మాట ముందుగా ఒప్పుకొనుట న్యాయము. ఏలనన మేమిపుడు ఆ గ్రంథముతో కలహింపబోవుచున్నాము. ఉత్కంఠ గొలుపు నవలలను ఇంటి ఆడువారి చేతికీయరాదని చదువకయే తీర్పు చెప్పు పెద్దలతో మాకు పొత్తు లేదు. నిద్ర మానుకొని చదివినవారి ఫిర్యాదు వేరు.

ఈ నవల 1859 నవంబరు మొదలు 1860 ఆగస్టు వరకు డికెన్సు నడపిన 'ఆల్ ది ఇయర్ రౌండ్' అను వారపత్రికలో వెలువడెను. లారా ఫెయిర్లీ అను ధనిక కన్యను, మరణశయ్యపై తండ్రి కోరిన కోరిక ననుసరించి, సర్ పర్సివల్ గ్లైడు అను బిరుదుగలవానికి ఇచ్చుటకు నిశ్చయింతురు. వాడు అప్పులలో మునిగినవాడు. తన హృదయము మరియొకరిదని ఆమెయే వానితో చెప్పును. అయినను వాడు విడువడు. ఆమె సొత్తు 20,000 పౌనులు. ఆమె సంతానము లేక భర్తకంటె ముందు మరణించినచో ఆ మొత్తము భర్తకే చెందునని వివాహపు టొడంబడికలో వ్రాయింతురు. కుటుంబ న్యాయవాది గిల్మోరు వలదని మొత్తుకొనును. సంరక్షకుడగు పినతండ్రి తన నరముల శాంతికి భంగము కలుగునని తల యూపును.

ఇందు దొంగతనమెక్కడ? సంతకములు, సాక్షులు, అన్నియు సక్రమములే. కథారంభమున హాంప్‌స్టెడ్ బాటపై నడిరేయి చిత్రలేఖనోపాధ్యాయుడు వాల్టర్ హార్ట్‌రైటు భుజముపై తెల్లని దుస్తుల స్త్రీ చేయివేసినపుడు మేమును ఉలికిపడితిమి. కాని అది క్షణకాలపు భయము. ఒడంబడిక పుటలు చదివినపుడు కలిగిన భయము మరునాటి పగటివేళను మమ్ము విడువలేదు.

పెండ్లియైన పిమ్మట పర్సివల్ ఒక పత్రమును మడిచి, వ్రాతను దాచి, సంతకమునకు చోటుమాత్రము చూపును. చదువక వ్రాయనని లారా నిలుచును. ఈ ఘట్టము ఇంగ్లండుకే చెందినదని నిబ్బరముగా చదువగల తెలుగు కుటుంబములెన్ని? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కలదు. ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, దేశమంతటను 2005 నుండియు కుమార్తెకు ఉమ్మడి యాస్తిలో భాగము కలదు. అయినను పసుపుకుంకుమలకని కొంత చేత బెట్టి, హక్కు విడుదల పత్రముపై "ఇక్కడ పెట్టు తల్లీ" అని వ్రేలితో చూపు అన్నలు నేటికిని కలరు. చదివిన చెల్లెండ్రును పెట్టుచున్నారు.

ఇంత గొప్ప ప్రశ్న నెత్తిన రచయిత దానిని నడిమిలో పాతిపెట్టెను. లారాను పోలిన ఆన్ కాథరిక్ అను దీనురాలు లారా పేరున మరణించును. లారా ఆన్ పేరున పిచ్చివారి ఆసుపత్రిలో పడును. అంతటినుండి పాఠకుని మనస్సు ఎవరెవరో తేల్చుటకే పరుగిడును. తుదకు పర్సివల్ తల్లిదండ్రులకు వివాహమే కాలేదనియు, వాడు చర్చి దాఖలాలో కూటలేఖ వ్రాసెననియు బయటపడును. వాడు అగ్నిలో దగ్ధమగును. మనము నిట్టూర్చి సంతోషింతుము. కాలినది యేమి? ఒక దుర్మార్గుడు. వాడు సక్రమ సంతానమై, కూటలేఖ యెరుగని వట్టి అప్పులవాడైనను, భార్య మరణించిన నాడు ఆ 20,000 పౌనులు న్యాయముగా వానివే. ఆ న్యాయమునకు పొగయైనను సోకలేదు.

మేరియన్ హాల్కంబు విషయమున మా కోపము మరింత హెచ్చు. లారాకు తల్లివైపు అక్కయగు ఈమె రాత్రి వానలో వసారా కప్పుపై దాగి కుట్రను వినును. నవలలోని ధైర్యమంతయు ఆమెదే. వెంటనే రచయిత ఆమెకు జ్వరము తెప్పించును! ఆమె దినచర్య పుస్తకమును ఫాస్కో ప్రభువు చదివి అందు తన మాట చేర్చుట అపూర్వమైన కల్పన. మా యొడలు గగుర్పొడిచెను. అయినను చెల్లెలిని ఆసుపత్రినుండి తప్పించిన ఆ మేరియనే తరువాత ఇంటిపనికి పరిమితమై, ఊళ్లు తిరిగి రహస్యము ఛేదించుట వాల్టరు వంతగును.

లారా గతి మరియును హీనము. తానును సంపాదింపవలెనని ఆమె బొమ్మలు గీయును. వాల్టరు వానిని దాచి, తన డబ్బునే ఇచ్చి, అమ్ముడుపోయినవని నమ్మించును. దీనిని రచయిత ప్రేమగా చూపెను. మాకు రోత కలిగెను. మడిచిన కాగితమును నిరాకరించిన చేతికి ఇట్టి బహుమానమా? పర్సివల్ దాచినది మోసము, వాల్టరు దాచినది దయ. లారాకు తెలియనీయకుండుట మాత్రము ఇద్దరిదియు ఒకటే.

నవలాకారుడు శాసనకర్త కాడని కొందరందురు. నిజమే, ఇంగ్లండున భార్య తన కూలిని తాను దక్కించుకొనుటకు 1870 వరకును, తన యాస్తిని దక్కించుకొనుటకు 1882 వరకును చట్టము రాలేదు. కాని కాలిన్సు 1851లో న్యాయవాదిగా పట్టము పొందినవాడు, ఎరుగనివాడు కాడు. లారా ప్రయాణపు తేదీలో పొరపాటున్నదని 1860లో 'టైమ్సు' విమర్శకుడు చూపగా తరువాతి కూర్పున దిద్దుకొనెను. తేదీపై చూపిన శ్రద్ధ ఒడంబడికపై తుదివరకు ఏల నిలువలేదని మా ప్రశ్న.

ఈ పుస్తకమును మా బంధువుల అమ్మాయి యడిగినది. గిల్మోరు చెప్పు భాగముకడ ఒక కాగితపు గుర్తు పెట్టి పంపితిమి.