మన యిల్లు: ముందు కప్పును గూర్చి యడుగుడు

ఇల్లు కట్టించుకొను వేళ మన యిండ్లలో మొదట జరుగు చర్చ యేమియో మీరెఱుగుదురు. నేలకు పాలరాయియా, గ్రానైటా? వీధివైపు గోడకే రంగు? హాలులో నెన్ని దీపములు? కప్పును గూర్చి అడుగువారు లేరు. మేమును అడుగలేదు. ఆ తప్పునకు ఫలమనుభవించినది మేము గాదు, మా అత్తగారు.

గుంటూరులో మేము కట్టించుకొన్న యింటి మేడగదిని ఆమె కిచ్చితిమి. ఆమె పెంకుటింటిలో పుట్టి పెరిగినది. మొదటి వేసవిలో నొకనాటి రాత్రి పదిగంటలకు నేను మంచినీళ్లు తీసికొని పోగా, ఆమె మంచము దిగి, నేలపై తడిగుడ్డ పఱచుకొని పండుకొని యుండెను. "ఊరికంతటికి ప్రొద్దు గ్రుంకినది గాని, ఈ గదికి గ్రుంకలేదమ్మా" అనెను. నాకు మిక్కిలి సిగ్గు కలిగినది.

కారణము సులభమైనదే. కాంక్రీటు శ్లాబు పగలెల్ల ఎండవేడిమిని తనలో నింపుకొని, రాత్రివేళ గదిలోనికి విడుచును. ఫ్యాను ఆ వేడిగాలినే త్రిప్పును. ఏసీ పెట్టినచో చల్లబడును గాని, కప్పు చేసిన తప్పునకు నెలనెల కరెంటు బిల్లు చెల్లించవలసి వచ్చును.

మేము మిద్దెను శుభ్రముగా కడిగించి, తెల్లసున్నము దట్టముగా పూయించితిమి. తెలుపు ఎండను చాలవఱకు వెనుకకు మరలించును. అత్తగారు మరల మంచముపై నిద్రింపగలిగిరి. సున్నము వానకు పోవును గనుక ఏటేట వేయవలెను. అంతకంటె నెక్కువకాలము నిలుచు తెల్లని పూతలును, తెల్లని పలకలును ఇప్పుడు దొరకుచున్నవి. ఈ యుపాయము చిన్నదని తలపకుడు. తెలంగాణ ప్రభుత్వము 2023 లో శీతలమైన కప్పుల కొఱకే యొక విధానమును ప్రకటించినది.

క్రొత్తగా కట్టించువారికి ఇంకను మంచి మార్గము లున్నవి. ఇంగ్లండు దేశమున 1917 లో జన్మించి, 1945 లో మన దేశమునకు వచ్చి, తిరువనంతపురములో స్థిరపడిన లారీ బేకర్ అను వాస్తుశిల్పి 2007 లో మరణించువఱకు తక్కువ వ్యయముతో మంచి యిండ్లు కట్టుటయందే కృషిచేసెను. ఆయన ప్రచారమునకు తెచ్చిన వానిలో ఫిల్లరు శ్లాబు ఒకటి. శ్లాబు అడుగుభాగమున ఇనుపకడ్డీల నడుమ మంగుళూరు పెంకులు పెట్టి కాంక్రీటు పోయుదురు. అచ్చట కాంక్రీటు అంతగా అవసరము లేదు గనుక ఖర్చు తగ్గును. పెంకుల నడుమ చిక్కిన గాలి వేడిని కొంత అడ్డును. కాని ఇంజనీరు లెక్కవేయనిదే దీనిని పోయించరాదు.

గోడలకును ఆయన అనుసరించిన పద్ధతి యొకటి కలదు. ఇటుకలను పరుండబెట్టక అంచుపై నిలిపి, నడుమ ఖాళీ విడిచి కట్టుట. దీనిచే ఇటుకలలో నాలుగవ వంతు మిగులును. ఖాళీలోని గాలి వేడిని లోపలికి రానీయదు. మూలలయందును, ద్వారముల ప్రక్కలను మాత్రము ఖాళీ లేక గట్టిగా కట్టవలెను. ఈ పని తెలిసిన మేస్త్రీనే పిలువవలెను. థర్మల్ విద్యుత్కేంద్రముల బూడిదతో చేయు ఇటుకలును దొరకుచున్నవి. వానిని బట్టీలో కాల్చరు. వానికై పొలముల సారవంతమైన మన్ను త్రవ్వరు.

ఇక గాలి. ఒక్క కిటికీ యున్న గదిలోనికి గాలి వచ్చును గాని పోవుటకు దారి యుండదు. ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టించుడు. వంటయింటిలో పొయ్యికి పైగా పొగయు ఆవిరియు వెలుపలికి పోవు మార్గ ముండితీరవలెను. పడమటి ఎండ మిక్కిలి తీవ్రము గనుక, ఆ వైపున సామానులగది గాని స్నానపుగది గాని ఉండునట్లు చూచుకొనుడు.

ఆరోగ్యమునకు రెండు హెచ్చరికలు. చౌకయని ఆస్‌బెస్టాస్ రేకులు వేయించకుడు. దాని నూలుపోగులవంటి ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చును. రంగులు కొనునపుడు సీసము లేని వానినే అడుగుడు. పెచ్చులూడిన రంగు పసిబిడ్డల నోటిలోనికి పోవును. సీసము వారి మెదడునకు హాని చేయును. ఇంటి రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశమున 2016 లో నిబంధన చేసిరి.

ఫ్యాను కొనునపుడును అడుగుడు. పాతరకపు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసికొనగా, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల ప్రాంతమున తిరుగును. వెల కొంత యెక్కువయైనను, రాత్రింబవళ్లు తిరుగు ఇంట ఆ యెక్కువ సొమ్ము క్రమముగా తిరిగి వచ్చును.

పురుషులు ఉదయమున పనికి పోయి సాయంకాలమున వచ్చెడి యిండ్లు మనలో నిప్పటికిని పెక్కులున్నవి. మధ్యాహ్నపుటెండలో ఆ కప్పు క్రింద ఉండువారు గృహిణులు, వృద్ధులు, పసిబిడ్డలు. కావున ఇంటి ప్లాను ఎదుట పెట్టినప్పుడు "మీ యిష్టము" అని లేచి పోకుడు. కూర్చుండి, నేలరాయి మాట రాకముందే, కప్పు ఎట్లుండునో అడుగుడు. పాలరాయిని అప్పు తీరిన పిదప వేయించుకొనవచ్చును. పోసిన కప్పును మార్చుకొనలేము.