కోరంగి బురదలో ఒక పూట

స్వదేశయాత్రకు వెళ్ళిన ప్రతిసారీ మన కార్యక్రమం ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది: తిరుపతి, బంధువుల ఇళ్ళు, పెళ్ళిళ్ళు, చీరల దుకాణాలు. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ మడ అడవులను చూసి అబ్బురపడే మన పిల్లలకు, అటువంటి అడవే తాతగారి ఊరికి చేరువలో ఉన్నదని తెలియదు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉన్న కోరంగికి ఒక పూట కేటాయించమని నా విన్నపం. "ఆ బురదలో చూడడానికేముందిరా?" అన్నారు మా మేనమామగారు. చూడవలసింది ఆ బురదనే.

గోదావరి సముద్రంలో కలిసేచోట 235 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడి ఒండ్రులో ప్రాణవాయువు దాదాపు ఉండదు. అందుచేత తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్ళు మేకులవలె నేలలోనుంచి పైకి పొడుచుకువచ్చి గాలి పీలుస్తాయి. ఒంట చేరిన ఉప్పును ఈ చెట్లు ఆకుల ద్వారా విసర్జిస్తాయి. ఆ ఉప్పుపలుకులను పిల్లలకు భూతద్దంతో చూపించండి. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. తిల్లచెట్టు కొమ్మను మాత్రం విరవనీయకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చేపలు పట్టి తినే బావురుపిల్లి రాత్రివేళ సంచరించేది కనుక, బురదలో దాని అడుగుజాడలు కనిపించినా అదృష్టమే.

ఈ తీరం మన చరిత్ర కూడా. కోరంగి ఒకనాడు ఓడలు కట్టిన రేవు. ఇక్కడినుంచి బర్మాకూ, మారిషస్‌కూ వలసపోయిన తెలుగువారిని ఆ దేశాలలో 'కోరంగీలు' అనే పిలిచారు. మనకంటే శతాబ్దానికి పైగా ముందు సముద్రం దాటినవారి రేవు ఇది. 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు ఊరిని ముంచాయి; గోదావరి మేటవేసిన ఒండ్రు రేవును పూడ్చివేసింది. పొరుగునే ఉన్న చొల్లంగిలో పుష్య అమావాస్యనాడు స్నానం చేసి సప్తసాగరయాత్ర ఆరంభించి, అంతర్వేదిలో ముగించే ఆచారం ఉన్నది. నదీముఖాలను చూడడానికే మన పెద్దలు యాత్ర కల్పించారని నేననుకుంటాను. పండితులు ఒప్పుకోకపోవచ్చు.

రేవును చంపిన ఒండ్రే అడవిని పెంచింది. కాకినాడకు అలల తాకిడి తగ్గిస్తున్న హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ కూడా గోదావరి తెచ్చిన మేటే. జనవరి మొదలు మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి. అయితే 1970లనుంచి 1990ల నాటికి గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు సగానికి పైగా తగ్గినట్లు కొలతలు చూపాయి. ఎగువన ఆనకట్టల వెనుక అది నిలిచిపోతున్నది. డెల్టా అంచు పలుచోట్ల కోసుకుపోతున్నది. ఆనకట్టలు వద్దని నేననను. ఆ నీటితో పండిన బియ్యం తిని పెరిగినవాణ్ణే. కాని ఎగువన నీటి లెక్క వేసేవారు దిగువన ఒండ్రు లెక్క కూడా వేయాలి. ఊళ్ళకు విరాళాలు పంపే మన సంఘాలు ఈ మాట అడగడానికి ఎందుకు మొగమాటపడాలి?

వెళ్ళేవారు పాటు వేళకు చేరుకోండి. గాలి పీల్చే వేళ్ళూ, పీతలూ, బురదలో గెంతే చేపలూ అప్పుడే బయటపడతాయి. మేము మొదటిసారి ఎక్కిన పడవలో సినిమా పాటల హోరుకు కొంగలన్నీ లేచిపోయాయి. రెండవసారి ముందే బతిమాలుకున్నాము. పడవ నడిపే ఆయన ఇంజను ఆపి, గడ వేసి మెల్లగా పోనిచ్చాడు. వంపు దగ్గర మూడు నీటికుక్కలు తలలెత్తి మమ్మల్ని చూశాయి. మా అమ్మాయి వాటి బొమ్మ గీసి, కింద కోరంగి అని తెలుగులో రాసుకున్నది. రకారం తలకట్టు నేనే దిద్దవలసివచ్చింది.